ఒక పేరు కింద ఇద్దరు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. పద్దెనిమిదేళ్ళుగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను. ఎంతోమందికి ఈ చేతులతోనే కళ్ళు మూశాను. మార్చురీ దాకా స్ట్రెచర్ తోసుకెళ్ళి, వచ్చే దారిలో క్యాంటీన్‌లో నిలబడి సమోసా తిన్న రోజులున్నాయి. అలాంటిదాన్ని, పట్టపగలు పదకొండు గంటలకి, అబుదాబీలో ఒక ఇంటి గదిలో, వెనక్కి తిరిగి చూడ్డానికి భయపడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను.

అది కరోనా వచ్చిన రెండో ఏడు. హాస్పిటల్లో నా కాంట్రాక్టు అయిపోయి, ఇళ్ళకి నర్సుల్ని పంపే ఒక ఏజెన్సీలో చేరాను. మా రూములు ముసఫ్ఫాలో. పొద్దున్నే వ్యాను వచ్చి ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటి దగ్గర దింపుకుంటూ పోయేది. నాకు పడింది మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లా. పేషంటు ఎనభై నాలుగేళ్ళ అమెరికా ఆయన. కూతుర్ని చూసి వెళదామని మూణ్ణెల్లకి వచ్చి, విమానాలు ఆగిపోయి ఇరుక్కుపోయాడు. ఆ తర్వాత పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది, చూపు సగానికి సగం పోయింది. బుర్ర మాత్రం పాదరసం. కూతురు ఏదో కాలేజీలో పాఠాలు చెప్పేది. ఆవిడ ఎనిమిదింటికి వెళితే మళ్ళీ నాలుగింటికే. మధ్యలో ఆ ఇంట్లో ఆయనా, నేనూ, ఏసీ మోతా.

మొదటి రోజు బీపీ చూసి, మందులిచ్చి, ఏం కావాలన్నా బెల్లు కొట్టమని చెప్పాను. ఆయన ఇంగ్లీషులో అడిగింది ఇదీ: "నీకు పాత చేతిరాత చదవడం వచ్చా?"

నాకు ఒళ్ళు మండింది. నర్సుని పట్టుకుని అక్షరాలొచ్చా అని అడుగుతాడేంటి? "డాక్టర్ల రాత చదివి మందులిచ్చి జనాన్ని బతికించినదాన్ని సర్, ఏదైనా చదువుతాను" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. పక్షవాతం వచ్చాక నవ్వడం అదే మొదటిసారని సాయంత్రం కూతురు చెప్పింది.

అక్కణ్ణించి మొదలైంది నా రెండో డ్యూటీ. ఆయన మంచం పక్కన పెద్ద కంప్యూటర్ తెర ఉండేది. అందులో వందలకొద్దీ పాత కాగితాల ఫోటోలు. ఆయనకి ఆరు తరాల వెనకటి తాత ఒకాయన, అమెరికా తూర్పున ఉండే కొండలు దాటి, ఎద్దుల బండిలో పెళ్ళాం పిల్లల్ని వేసుకుని, ఒహాయో నది పక్క అడవిలోకి వచ్చి చెట్లు కొట్టి దుంగల ఇల్లు కట్టుకున్నాడట. ఆ చుట్టుపక్కల మొదటి కాపురం వాళ్ళదే అని పుస్తకాల్లో రాశారు. "మొదటిదేం కాదు. అప్పటికే అక్కడ ఊళ్ళున్నాయి, మనుషులున్నారు. వాళ్ళ పేర్లు మావాళ్ళు రాసుకోలేదు, అంతే" అని ఆయనే అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఆయన తంటా ఏమిటంటే, ఆ మొదటి తాత వారసులంతా ఒక సంఘం పెట్టుకున్నారు. పాత సమాధుల దగ్గర ఒక పెద్ద రాయి నిలబెట్టి, దాని మీద ఆ తాత పిల్లల పేర్లు, ఏ బిడ్డ నుంచి ఏ శాఖ వచ్చిందో చెక్కించబోతున్నారు. మా ముసలాయన ఆఖరి కొడుకు శాఖ. అయితే ఈమధ్యే ఎవరో పొలం దున్నుతుంటే చిన్న రాయి ఒకటి బయటపడింది. దాని మీద ఆ ఆఖరి కొడుకు పేరే ఉంది. పోయిన తేదీ, వయసు మూడేళ్ళు అని ఉన్నాయి.

అంటే ఆ కొడుకు మూడేళ్ళకే పోయాడు. మరి అదే పేరుతో పెరిగి, తండ్రి భూమిలో వాటా తీసుకుని, పెళ్ళాడి తొమ్మిది మందిని కన్నది ఎవరు? ఎవడో పనికి చేరిన అనాథ కుర్రాడు చచ్చిపోయినవాడి పేరు పెట్టుకుని భూమి కొట్టేశాడని అవతలి శాఖవాళ్ళు తేల్చేశారు. నెలాఖరులోగా రుజువు చూపించకపోతే మా ముసలాయన శాఖ రాయి మీద ఉండదు.

"ఎనభై నాలుగేళ్ళు ఒక ఇంటి పేరుతో బతికాను. పోయే ముందు నువ్వు ఆ ఇంటివాడివి కాదంటున్నారు. నేను చచ్చిపోయిన పిల్లాడి మనవణ్ణట. అలాంటిది ఉంటుందా?" అన్నాడు. నేను గ్లాసు నోటికి అందించి, "ముందు నీళ్ళు తాగండి" అన్నాను.

రెండో వారంలో అనుకుంటాను, ఇసుక గాలి లేచింది. కిటికీ బయట అంతా మట్టిరంగు. ఎదురింటి గోడ కూడా కనబడటం లేదు. నేను తెర ముందు కూర్చుని ఏదో పన్ను జాబితా చదువుతున్నాను. ఆయన ఉన్నట్టుండి, "ఆ బిడ్డని కూర్చోమను. పొద్దుట్నించీ నిలబడే ఉంది" అన్నాడు.

"ఏ బిడ్డ సర్?"

"నీతో వచ్చిన బిడ్డ. నీ కుర్చీ వెనక."

మామూలుగా చూపు పోయినవాళ్ళకి ఇలాంటివి అవుతాయి. కళ్ళు చూపించనిదాన్ని మెదడు తనే బొమ్మలు గీసి నింపుకుంటుంది. డాక్టరు ఆ సంగతి ఫైల్లో రాసి పెట్టాడు కూడా. కాదనకూడదు, ఔననకూడదు, మాట మార్చాలి. మాకు నేర్పింది అదే. "భోజనం టైమైంది సర్" అన్నాను. మాట మార్చాను గానీ మెడ వెనక మాత్రం ఎవరో ఊపిరి వదిలినట్టే ఉంది. ఏసీ గాలి, ఇంకేంటి.

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ. బిడ్డ తలుపు దగ్గరుంది, బిడ్డ నీ కొంగు పట్టుకుంది అని. నేను వేసుకునేది యూనిఫాం ప్యాంటూ చొక్కా. కొంగెక్కడిది? ఆయన ఇంగ్లీషులో ఏదో గుడ్డ అన్నదాన్ని నేను కొంగు అనుకున్నానేమో. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, "మీ తాతల కాలం పిల్లాడా సర్, ఆ మూడేళ్ళవాడు?" అని. ఆయన చాలాసేపు నా వెనక్కి చూశాడు. "నేనూ అలాగే అనుకున్నాను. పిల్లాడే అనుకున్నాను, తల గుండు చేసి ఉంటే. కానీ చెవులకి ఏవో ఉన్నాయి. ఆడపిల్ల" అన్నాడు.

ఓరి నాయనో! చేతిలో ట్రే బల్ల మీద పెట్టేశాను.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మాది గోదావరి పక్క. మా అమ్మ దగ్గర చిన్నప్పటి ఫోటో ఒక్కటే ఉంది. స్టూడియోలో తీయించింది. గుండు, చెవులకి రింగులు, రెండేళ్ళ పిల్ల. మేరీమాత కొండకి మొక్కుకుని తలనీలాలిచ్చాక తీయించారు. ఇంటికొచ్చినవాళ్ళకి అది నా ఫోటో అని చూపిస్తారు. అది నేను కాదు.

ఆ సంగతి నాకు తొమ్మిదో ఏట తెలిసింది. నవంబర్లో మాకు సమాధుల పండుగ వస్తుంది. సమాధులకి సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. మాకు అదొక జాతర. అందరం తాత సమాధి దగ్గర ఉంటే అమ్మ మాత్రం ఒక్కత్తే గోడ వైపు వెళ్ళేది. ఆ ఏడు వెనకాలే వెళ్ళాను. గోడ పక్కన చిన్న సిమెంటు సిలువ, దాని మీద నల్లరంగుతో నా పేరు. ఇంటి పేరుతో సహా. తేదీలు లేవు. అప్పటికి నాకు చదవడం బాగా వచ్చు. రెండుసార్లు చదివాను. నేను ఎప్పుడు చచ్చిపోయానా అని ఆలోచించాను, నిజంగానే. అమ్మ నన్ను చూసి, కొవ్వొత్తి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టి, "అది నువ్వు కాదులే, పద" అంది. అంతే. ఆ తర్వాత ఆ మాట ఎత్తితే గిన్నెలు గట్టిగా కడిగేది.

తర్వాత మా పెద్దమ్మ చెప్పింది. నాకు ముందు ఒకతె పుట్టి రెండున్నరేళ్ళకి జ్వరంతో పోయిందట. నేను పుడితే దాని పేరే నాకు పెట్టారట. అప్పట్నించీ నాకొక మంట. మా అమ్మకి కావలసింది అది. నేను దాని చోట్లో కూర్చోబెట్టిన బొమ్మని. నన్ను పిలిచిన ప్రతిసారీ దాన్నే పిలుచుకుంటోందని అనుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు గానీ ముప్ఫయ్యేళ్ళు ఆ మంటతోనే ఉన్నాను.

ఇక ఆ గుండు పిల్ల నా కుర్చీ వెనక నిలబడిందని ఒక అమెరికా ముసలాయన చెబితే ఎలా ఉంటుంది? ఆ సాయంత్రం వ్యాను ఎక్కాను. మా వ్యాను డ్రైవరు నిజామాబాద్ వైపు కుర్రాడు. అందర్నీ దింపేశాక ఆఖరున నేనే మిగిలేదాన్ని, ముందు సీట్లోకి వచ్చి కూర్చునేదాన్ని.

"ఏమైందక్కా, మొకం గట్ల వెట్టినవ్? ముసలాయనకు మల్ల పానం బాగలేదా?"

"ఆయనకి బానే ఉంది. నాకే బాలేదు" అని మొత్తం చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను.

"ఖలాస్ అక్కా, ఆ డ్యూటీ ఇడిసిపెట్టు. పొద్దుగాల ముదీర్‌కు చెప్పి ఇంకో ఇల్లు అడుగు" అన్నాడు. ముదీర్ అంటే మా ఏజెన్సీ మేనేజరు. గేరు మార్చి, "ఒక్క పేరు ఇద్దరికి వెట్టుడు మా దిక్కు లేదు. మా దిక్కు ఇంకో తీరు. మా అమ్మకు నాకంటె ముందుగాల ముగ్గురు పోయిన్రు. నేను పుట్టంగనే చాటల ఏసి పెంటకుప్ప మీద పండవెట్టిన్రంట. మా మేనత్త అచ్చి గింత తవుడిచ్చి నన్ను కొనుక్కొని, మల్ల మా అమ్మ చేతులనే వెట్టింది. గందుకే నాకీ పేరు" అన్నాడు.

అతని పేరు ఇక్కడ రాయను. మన ఊళ్ళలో వింటే పిల్లలు నవ్వే పేరు. "ఈడ మంచిగుందక్కా, అరబ్బోళ్ళకు దాని అర్థం తెల్వది. ముదీర్ అయితే పెద్ద షేక్ పేరు లెక్క పిలుస్తడు" అని తనే నవ్వాడు.

"అలా ఎందుకు చేస్తారు?"

"తీస్కపోయేటోని కన్ను మోసపోవాలె గద. ఈ ఇంట్ల పిల్లగాడు పుట్టలేదు, పెంట మీద దొరికిండు అని. గంతే."

నేను ఏజెన్సీకి ఫోన్ చెయ్యలేదు. భయమున్నా మానలేదు, ఎందుకో నాకే తెలీదు. నెలాఖరు తొమ్మిది రోజుల్లో ఉంది. ఆయన రాత్రిళ్ళు నిద్రపోవట్లేదని కూతురు చెప్పింది. తిండి తగ్గించేశాడు. ఇంకో వారం ఇలాగే ఉంటే ముక్కులో గొట్టం వెయ్యాలని డాక్టరన్నాడు. ఆ రాయి మీద పేరు లేకపోతే ఈయన ఇక లేవడని నాకు అర్థమైంది. కొంతమంది అలాగే పోతారు, జబ్బుతో కాదు.

ఆ వారంలో రెండు కాగితాలు చూశాను.

మొదటిది వాళ్ళ కుటుంబ బైబిల్లో పేజీ. ముందు అట్ట లోపల పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు వరసగా ఉన్నాయి. ఆఖరు పేరు కింద ఒక గీత ఏదో ఉండి, దాన్ని కత్తితో గోకేశారు. కాగితం అక్కడ పల్చబడి, వెనక పేజీ అక్షరాలు కనబడుతున్నాయి. పిల్లాడు పోయిన తేదీని ఆ దొంగ కుర్రాడే గోకేశాడని అవతలివాళ్ళ వాదన. దానికి మా ముసలాయన దగ్గర జవాబు లేదు.

నేను ఆ పేజీ ముందు కూర్చుని లేవలేకపోయాను. ఇలాంటిది నేను ఇంతకు ముందే చూశాను. పద్దెనిమిదో ఏట, నర్సింగ్ కాలేజీకి బాప్తిస్మం సర్టిఫికెట్ కావాలంటే మా చర్చికి వెళ్ళాను. గుమాస్తా పెద్ద పుస్తకం తీశాడు. నా పేరు, పుట్టిన తేదీ. పక్కన ఎర్ర సిరాతో "ప్రభువునందు నిద్రించెను" అని రాసి, దాని మీద నల్ల సిరాతో అడ్డంగా కొట్టేసి ఉంది. "ఎవరో పొరపాటున రాసుంటార్లెండి" అన్నాడు ఆయన. ఆ పుస్తకంలో ఆ పేరుతో రెండో వరస లేదు. నా కోసం మళ్ళీ రాయలేదు. స్కూల్లో, కాలేజీలో, పాస్‌పోర్టులో, ఎమిరేట్స్ ఐడీలో ఉన్నది ఆ పిల్ల పుట్టిన తేదీ. ఏటా బ్యాంకువాళ్ళు శుభాకాంక్షలు పంపేది దానికి. నేను ఎప్పుడు పుట్టానో నాకు తెలీదు.

గోకింది దొంగ కాదు. వాళ్ళ అమ్మో నాన్నో గోకారు. రెండో పిల్లాడు పుట్టాక, ఉన్న పేరే వాడికి ఇచ్చి, చావుని తుడిచేశారు. ఇద్దరు పిల్లలు, వరస ఒక్కటే. నాకు అది సూది గుచ్చినంత స్పష్టంగా తెలిసింది. కానీ నాకు తెలిస్తే సరిపోదు కదా, సంఘానికి కావలసింది కాగితం. గోదావరి జిల్లా నర్సమ్మకి అలా అనిపించిందని రాస్తే ఎవరొప్పుకుంటారు?

రెండో కాగితం ఒక ఉత్తరం. ఆ మొదటి తాత భార్య, కొండలకి అవతలున్న తన చెల్లెలికి రాసింది. కాగితం దొరకని రోజులు. పేజీ నిండా అడ్డంగా రాసి, మళ్ళీ పేజీని తిప్పి, ఆ అక్షరాల మీదుగానే నిలువుగా రాసేది. చూస్తే వల పరిచినట్టుంటుంది. అడ్డంగా ఉన్నదాన్ని ఎప్పుడో ఎవరో చదివి పుస్తకంలో వేశారు. అందులో ఒక పెద్ద వరద సంగతి ఉంది. ఆ వరద ఏ ఏడో అందరికీ తెలుసు కాబట్టి ఉత్తరం తేదీ మీద తగాదా లేదు. నిలువుగా ఉన్నదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. చదవడం కుదరదని వదిలేశారు.

మూడు రోజులు పట్టింది. తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని పడుకుంటే నేను ఒక్కో మాట పైకి చదివి, కాగితం మీద ఎక్కించేదాన్ని. ఉప్పు లేదు, మొక్కజొన్న కంకులు ఎలుగుబంట్లు తినేశాయి, పెద్దదానికి చలిజ్వరం, ఇలాంటివి. ఒక ఆడది ఒంటరిగా అడవిలో కూర్చుని గోడు చెప్పుకోవడం. మూడో రోజు పొద్దున్న పదకొండింటికి, అట్టడుగున, ఆ ఆఖరి కొడుకు పేరు వచ్చింది. ఆ తర్వాత ఇలా ఉంది: బిడ్డకి కింది చిగుళ్ళలో ముందు పళ్ళు రెండూ వచ్చాయి, రోజంతా ఏడుపు, పాలు వదలడు, నిన్ననే మొదటిసారి కూర్చున్నాడు.

నేను చదవడం ఆపేశాను. మళ్ళీ చదివాను. ఉత్తరం తేదీ చూశాను, బైబిల్లో పుట్టిన తేదీ చూశాను.

"సర్" అన్నాను. "బైబిల్ ప్రకారం ఈ ఉత్తరం రాసేనాటికి మీ తాతకి ఐదేళ్ళు దాటాలి."

"ఔను. అయితే?"

"ఐదేళ్ళవాడికి కింది ముందు పళ్ళు ఇప్పుడు రావడమేంటి? ఐదేళ్ళవాడు నిన్ననే కూర్చోవడమేంటి? వీడికి ఏడు నెలలు సర్. ఎనిమిది కూడా ఉండవు. ఇది వేరే బిడ్డ. మొదటివాడు మూడేళ్ళకి పోయాడు, మీ రాయి నిజమే. వాడి పేరు మళ్ళీ వీడికి పెట్టారు. మీరు వీడి మనవడు. ఇదే ఇంటి బిడ్డ మనవడు."

ఆయన మంచి చెయ్యి పైకెత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. నేను టిష్యూ తీసుకుని తుడుస్తున్నాను, నాకూ ఏడుపొస్తోంది. అలా ఉండగా ఆయన నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసి, మామూలుగా, వచ్చినవాళ్ళని పలకరించినట్టు, "కూర్చుంది" అన్నాడు. "ఇప్పుడు కూర్చుంది."

ఆ గదిలో గుమ్మం పక్కన ఒక స్టూలు ఉంది. నేను తిరిగి చూడలేదు. పని ఉన్నట్టు దుప్పటి సర్దాను, దిండు సర్దాను, సర్దిందే మళ్ళీ సర్దాను. నాలుగింటికి కూతురొచ్చేదాకా ఆ వైపు చూడలేదు.

కూతురు ఆ సాయంత్రమే సంఘానికి అంతా రాసి పంపింది, కింద నా పేరు, నా నర్సింగ్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా వేసి. జవాబు నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు వచ్చింది. ఆవిడ కాలేజీ నుంచి ఫోన్ చేసి, మెయిల్ తెరిచి నాన్నకి చదివి వినిపించమంది. చదివాను. ఒప్పుకున్నారు. రాయి మీద ఇద్దరు పిల్లల్నీ చెక్కిస్తారు, ఒకే పేరు రెండు వరసల్లో. పెద్దవాడికి రెండు తేదీలూ ఉన్నాయి. రెండోవాడు పుట్టిన తేదీ ఏమిటో తెలియజేయగలరు అని ఆఖర్న అడిగారు.

ఆయన సంతోషంతో ఏదో అనబోయి ఆగిపోయాడు. "రెండోవాడి తేదీ" అన్నాడు. "ఎవరూ రాయలేదు. ఎక్కడా రాయలేదు. తెలిసినవాళ్ళు పోయి రెండొందల ఏళ్ళయింది. అప్పటి మనిషి ఒక్కరు, ఒక్కరు బతికుంటే అడిగేవాణ్ణి కదా."

నాకు నోరు ఊరుకోదు. "నా సంగతీ అంతే సర్" అనేశాను. అన్నాక చెప్పక తప్పలేదు. సిలువ, పుస్తకం, పాస్‌పోర్టు, అన్నీ చెప్పాను. గుండు ఫోటో సంగతి మాత్రం చెప్పలేదు.

"మీ అమ్మ ఉందా?"

"ఉంది. తమ్ముడి దగ్గర."

ఆయనకి కోపం వచ్చింది. ఆయన కోపం చూడటం అదే మొదటిసారి. "నా తేదీ కోసం సమాధులు తవ్వాలి. నీకు ఒక ఫోన్ నంబరు చాలు. నలభయ్యేళ్ళు ఏం చేస్తున్నావు? చెయ్యి. ఇప్పుడే చెయ్యి" అన్నాడు. నేను తర్వాత చేస్తానన్నాను. మందు మింగనని మొండికేశాడు. పేషంటు మందు మింగకపోతే ఫైల్లో రాయాల్సింది నేను. ఇక ఛస్తానా అని ఫోన్ తీశాను.

అమ్మ వెంటనే ఎత్తింది. ఈ వేళప్పుడు చేశావేంటే, వొంట్లో బాగుందా అంది.

"అమ్మా, నేను పుట్టింది ఏ రోజు?"

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. "నీ కాగితాల్లో ఉంది కదే."

"అది అక్కది. నాది చెప్పు."

మా ఇంట్లో ఆ పిల్లని అక్క అనడం అదే మొదలు. అవతల కుళాయి కట్టేసిన చప్పుడు వినబడింది.

"ఇప్పుడెందుకే అయ్యన్నీ?"

"నాకు తెలియాలమ్మా. నీకు దాని మీద అంత ప్రేమ ఉంటే ఉండనీ, నేనేం అనను. దాని పేరుతోనే పిలువు. కానీ నేనంటూ ఒక రోజు పుట్టాను కదా."

"దాని మీద ప్రేమా?" అంది అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "దాని మీద ప్రేముంటే దాని పేరు దానికే ఉంచేదాన్ని కదే పిచ్చిదానా. నువ్వు పుట్టావని ఎవరికీ తెలీకూడదని దాని పేరులో దాచాను నిన్ను. మీ నాన్న పుస్తకంలో రాయిత్తానంటే కాళ్ళు పట్టుకుని ఆపాను. కొత్తగా ఇంకోత్తి ఉందని రాత్తే, దాన్ని తీసుకుపోయిందానికి తెలిసిపోద్ది కదా, మళ్ళీ వత్తాది కదా. దాని చావు రాసిందీ నేనే కొట్టేయించాను. నీకోసం దాన్ని అసలు పుట్టనట్టే చేసేశాను. అంత పాపం చేశాను దానికి."

నేను గోడకి ఆనుకున్నాను. ముసలాయన కళ్ళు తిప్పకుండా నన్నే చూస్తున్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అన్నీ అర్థమవుతున్నట్టే ఉంది ఆయన ముఖం.

"మరి నువ్వు దాన్ని ఎప్పుడూ పిలవలేదామ్మా?"

"పిలుత్తాను. అక్కడికెళ్ళినప్పుడు పిలుత్తాను. మెల్లిగా పిలుత్తానే. గట్టిగా పిలిత్తే నువ్వు పలుకుతావేమోనని భయం."

తర్వాత అమ్మ గొంతు ఇంకా తగ్గించి, నువ్వున్న గది తలుపేసి ఉందా అని అడిగింది. ఉందన్నాను. అప్పుడు చెప్పింది, తేదీ, వారం, ఎన్ని గంటలకి, బయట వాన పడుతోందా లేదా, అన్నీ, ఒక్కచోట కూడా తడుముకోకుండా. ముసలాయన పెన్ను నా వైపు తోశాడు, రాసుకో అన్నట్టు.

నేను రాసుకోలేదు. ఇక్కడా రాయను.